పంతొమ్మిది మందికి ఒకటే చేతిరాత

పని దినం 88

ఈ పుస్తకం నోటితో చెప్పి రాయించకూడదట, చేత్తోనే రాయాలట. రాత నేర్పే టీచరు రోజువారీ పుస్తకం రాయకపోతే సంజాయిషీ అడుగుతారు. ఆ సంజాయిషీ కూడా చేత్తోనే రాసివ్వాలి. ఎటు తిరిగినా తప్పదు కాబట్టి రాస్తున్నాను. ఆరేళ్ళ కిందట గెడ్డ వాగులో నీళ్ళు దాటుతూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. అతుక్కుంది గానీ సరిగా అతుక్కోలేదు. నాలుగు వాక్యాలు రాసేసరికి బొటనవేలి మొదట్లో సలుపు మొదలవుతుంది. ఇప్పుడు మొదలైంది.

నా పేరు ఇందుమతి. వయసు యాభై ఏడు. ఊరు నీలగెడ్డవలస. రెండూ మూడూ తరగతులు కలిపి పంతొమ్మిది మంది పిల్లలు. చెవిబిళ్ళలు రాకముందు బడికెళ్ళి పలక పట్టిన ఆఖరి తరం మాది. అందుకే ఈ ఉద్యోగం నాకిచ్చారు, నాలో ఏదో గొప్పతనం చూసి కాదు.

బడి తెల్లారి ఐదున్నరకి మొదలు, తొమ్మిదిన్నరకి బంద్. ఆ తర్వాత పిల్లల్ని ఎండలోకి వదిలే టీచరు ఈ జిల్లాలో లేదు. రాగానే పిల్లలు కప్పు మీది సౌరపలకల దుమ్ము తుడుస్తారు. తర్వాత కరక్కాయలు నానిన నీళ్ళు వడగట్టి సిరా కలుపుతాం. ఆ తర్వాత చెవిబిళ్ళలు తీసి గుమ్మం పక్కన బుట్టలో వెయ్యాలి. బిళ్ళ చెవిలో ఉంటే కాగితం మీద ఉన్నదంతా అదే చదివి వినిపించేస్తుంది, ఇంక కళ్ళతో పనేముంది? ఆ బుట్ట నిండేసరికి నా ఓపిక సగం అయిపోతుంది.

నేను నేర్పే పద్ధతి మా అమ్మ నాకు నేర్పినదే. పలక మీద పెద్ద అక్షరం రాసిచ్చి, పిల్ల వెనక కూర్చుని, దాని చెయ్యి నా చేతిలోకి తీసుకుని దిద్దించడం. అక్షరం బొద్దుగా తెల్లబడేదాకా, చెయ్యి దానంతటది తిరిగేదాకా దిద్దించడం. ఒక్కో చేతికి పది నిమిషాలు. రెండేళ్ళుగా ఇదే పని. పంతొమ్మిది చిన్న చేతుల్లో ఏ చెయ్యి చెమట పడుతుందో, ఏ చెయ్యి చల్లగా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

నూట ముప్ఫయ్యో దినాన చేతిరాత నమోదు. అందులో తప్పిన పిల్లని ఏడాదిపాటు జిల్లా కేంద్రంలో హాస్టలు బడిలో పెడతారు. ఎనిమిదేళ్ళ పిల్లల్ని. కిందటేడు పక్క ఊరినించి ఇద్దరు వెళ్ళారు. మా పిల్లలు ఒక్కరూ వెళ్ళరు. ఆ ధీమా నాకుంది.

పని దినం 89

గుణింతాలు. తౌడు అని మా బళ్ళో కుర్రాడు, సిరాబుడ్డి తన్నేశాడు. మణికట్టు నొప్పి. అంతే.

పని దినం 94

నమోదు అధికారి సన్యాసినాయుడు అభ్యాసం కోసం రాత గుర్తుపట్టే పెట్టె తెచ్చాడు, నమోదు దాకా బళ్ళోనే ఉంటుందట. దాని మీద కాగితం పెట్టి రాస్తే చాలు. అక్షరం ఎలా ఉందన్నదే కాదు, చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ నొక్కింది, ఎక్కడ తొందరపడింది అన్నీ పట్టుకుని, నమోదైన రాతల్లో అది ఎవరిదో చెబుతుంది. పిల్లలు ఒక్కొక్కరే కూర్చుని ఒక పేజీ రాశారు. వరసలు తిన్నగా, అక్షరాలు గుండ్రంగా, చూస్తే కడుపు నిండింది. నాయుడి ముఖం మాత్రం నిండలేదు.

పంతొమ్మిది పేజీలకీ పెట్టె ఒకటే జవాబిచ్చింది. ఇందుమతి, టీచరు, నీలగెడ్డవలస.

పెట్టె పాడైందన్నాను. నాయుడు తను రాసి చూపించాడు, తన పేరే వచ్చింది. పిల్లల బదులు నేనే రాశానేమోనని అనుమానపడే వీల్లేదు, అతని కళ్ళెదుటే రాశారు కదా. తలకట్టు చివర నా రాతలో ఒక చిన్న కొక్కెం ఉంటుంది. మణికట్టు విరిగినప్పటినించీ అక్కడికి రాగానే చెయ్యి కలుక్కుమని పైకి లేస్తుంది. పంతొమ్మిది మంది పిల్లల తలకట్లకీ ఆ కొక్కెం ఉంది. నొప్పి నాది, కొక్కెం అందరిదీను.

నాయుడు పేజీలన్నీ నా ముందు పెట్టి, "మీరు మరీ బాగా నేర్పీసినారమ్మా. అదే తంటా" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పిల్లలు నా ముఖం చూసి తప్పేం చేశామని అడిగారు. వాళ్ళేం చేశారు పాపం, చెప్పినట్టే చేశారు.

పని దినం 96

నిన్న రాయలేదు. సంజాయిషీ అడిగితే ఇస్తాను.

మా తౌడు అడిగాడు, ఎవరి రాత ఎవరిదైతే ఏటి అని. వాడు పుట్టకముందు వచ్చింది గొంతుల ఏడాది. ఆ ఏడాది ఊళ్ళో అందరికీ తెలిసిన గొంతులతోనే ఫోన్లు వచ్చాయి, తెలిసిన ముఖాలే తెర మీద మాట్లాడాయి. అవేవీ మనుషులు కాదు, యంత్రాలు కట్టిన వేషాలు. తల్లి గొంతు పిలిస్తే పిల్లలు తలుపులు తీశారు. ఆ తర్వాత గొంతు చెల్లదు, ముఖం చెల్లదు, వేలిముద్ర చెల్లదు అన్నారు. మనిషి ఎదురుగా కూర్చుని తన చేత్తో రాసిందొక్కటే చెల్లుతుంది. తౌడుకి ఇంతవరకే చెప్పాను.

చెప్పనిది ఇక్కడ రాస్తాను. పోయిన మా ఆయన గొంతు మూడు నెలలపాటు రోజూ నాకు ఫోన్ చేసింది. అది ఆయన కాదని మొదటి రోజే తెలుసు. తెలిసీ ఎత్తేదాన్ని. భోంచేశావా అనేది. చివరికి విసుగొచ్చి మానేసింది అదే, నేను కాదు. ఆయన చేత్తో రాసిన కాగితం ఒక్కటైనా ఇంట్లో ఉందేమోనని వెతికాను. లేదు. రాత నేర్పుతానని ఈ ఉద్యోగానికి చెయ్యెత్తింది అందుకే.

పని దినం 103

వారం రోజులు వృథా. మీ ఇష్టమొచ్చినట్టు రాయండర్రా అంటే పిల్లలు నా ముఖం చూసి, నా లాగే రాశారు. ఎడమచేత్తో రాయమన్నాను. ఎడమచేత్తో కూడా కొక్కెం వేశారు. వంకరగా రాయమంటే కావాలని వంకరలు పోయారు. ఆ పేజీలు పెట్టెలో పెడితే, ఇందుమతి రాతని దాచడానికి ప్రయత్నం జరిగింది అని చూపించింది. నా మీద దొంగతనం కూడా అంటగట్టింది.

ఇవాళ పెద్దల సమావేశం. హాస్టలు మాట చెప్పక తప్పలేదు. అందరూ చెవిబిళ్ళలు సర్దుకుంటూ విన్నారు. గవరయ్య ఒక్కడే వినలేదు. గాలిమర రెక్క విరిగిపడిన రోజున అతని రెండు చెవులూ పోయాయి. అతని కూతురు, తల్లి లేని పిల్ల వరహాలు పక్కన కూర్చుని సైగలతో చెప్పింది. హాస్టలు సంగతి మాత్రం చెప్పలేదు. సైగలు నాకూ కొన్ని తెలుసు. అది చెప్పిందల్లా బడి బాగా జరుగుతోందని.

పని దినం 109

దారి దొరికింది. నేను వెతికితే కాదు, తౌడు తప్పు చేస్తే.

వాడి నోటుపుస్తకం వెనక అట్ట మీద గబగబా ఏదో గీకి ఉంది. "టీచరమ్మ నోట్లో అస్తమానూ లవంగం ఉంటాది. మాకు ఇవ్వదు." పక్కపిల్లకి రాసిన చాడీ. అక్షరాలు తలా ఒక దిక్కు చూస్తున్నాయి. మామూలు రోజైతే చెవి మెలేసేదాన్ని. ఆ అట్ట చింపి, మళ్ళీ ఇలాంటిదే కోపంగా రాయరా అని పెట్టె ముందు కూర్చోబెట్టాను. పెట్టె కాసేపు ఆలోచించి, ఈ చెయ్యి ఎవరిదో తెలియదు, కొత్తది అంది. నాకు వాణ్ణి ఎత్తుకుని తిప్పాలనిపించింది. వాడు మాత్రం నేను కొడతానేమోనని వెనక్కి జరిగాడు.

కాబట్టి రేపట్నించీ దిద్దించడం బంద్. నేను గదిలో ఉండను. పిల్లలు నా మీద ఫిర్యాదులు రాసి డబ్బాలో వెయ్యాలి. త్వరగా రాయాలి, అవతలి పిల్లకి అర్థం కావాలి. అక్షరం బాగుండక్కర్లేదు. ఈ మాట నా నోట్లోంచి వస్తుందని మా అమ్మ బతికుంటే నమ్మేది కాదు.

పని దినం 118

నాలో ఇన్ని లోపాలున్నాయని యాభై ఏడేళ్ళొచ్చేదాకా తెలియలేదు. నడిస్తే చెప్పులు ఈడుస్తానట. బళ్ళో అంబలి గరిట నిండా పొయ్యనట. నవ్వితే భయమేస్తుందట. చదువుతుంటే కోపమూ నవ్వూ ఒకేసారి వస్తున్నాయి. రాతలు మాత్రం దేనికదే. ఒకడివి వాలిపోతున్నాయి, ఒకత్తెవి కాగితం చింపేలా నొక్కుతున్నాయి. రెండేళ్ళు అరగదీసి నేను చేసిన గుండ్రని అక్షరాలు పది రోజులు కాకుండానే ఎటు పోయాయో. బాధగానే ఉంది. ఆ బాధకి అర్థం లేదని తెలుసు.

పద్దెనిమిది మందికి పెట్టె కొత్త చేతులు చూపించింది. వరహాలుకి చూపించలేదు. దాని ఫిర్యాదు కూడా నా రాతలోనే ఉంది. "టీచరమ్మ ఈ మధ్య నా చెయ్యి పట్టుకోవటం లేదు."

పని దినం 119

బడి అయ్యాక గొడుగేసుకుని వరహాలు ఇంటికి వెళ్ళాను. గవరయ్య గాలిమర దగ్గరికి పోయాడు. పిల్ల నీళ్ళిచ్చి, గూట్లోంచి ఒక రేకు డబ్బా తీసి చూపించింది. అందులో నా చిట్టీలు.

అతనికి బిళ్ళ పనికిరాదు కాబట్టి పిల్ల సంగతులు రెండేళ్ళుగా చిట్టీ మీదే రాసి పంపుతున్నాను. మొదట్లో అతనికి అక్షరం ముక్క రాదు. జ్వరం అని రాసి పక్కనే దుప్పటి కప్పుకున్న పిల్ల బొమ్మ వేసేదాన్ని. రేపు బడి లేదు అని రాసి తాళం బొమ్మ వేసేదాన్ని. అలా ఒక్కో మాటా పోల్చుకుని అతను చదవడం నేర్చుకున్నాడు. అచ్చుకాగితం ఇస్తే ఇప్పటికీ తెల్లమొహం వేస్తాడు. నా రాత ఒక్కటే అతనికి వచ్చు. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

ప్రతి చిట్టీ మీదా అక్షరాల పైన సిరా రెండు మూడు పొరలుంది. వరహాలు ఇంటి దగ్గర వాటిని దిద్దుతోంది. బళ్ళో నేను దిద్దించింది పది నిమిషాలు, ఇంట్లో అది దిద్దింది గంటలు.

సొంతంగా రాయవే తల్లీ, అందరూ రాస్తున్నారు కదా అన్నాను. బతిమాలగా బతిమాలగా చెప్పింది.

"మొన్న రాసినాను టీచరమ్మా, నా లాగ. పొయ్యి మీద గంజుంది తాగు అని. అయ్య తిప్పి తిప్పి సూసినాడు. బాగుందమ్మా అని జేబులో ఎట్టీసుకున్నాడు. గంజి అలగే ఉండిపోనాది. మీలాగ రాస్తేనే అయ్యకి తెలుస్తాది."

ఆ నీళ్ళు తాగలేకపోయాను. హాస్టలుకి పోతే అతనికి ఎవరు రాస్తారే అని అడగబోయి ఊరుకున్నాను. దానికి ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. అందుకే సమావేశంలో చెప్పలేదు.

పని దినం 124

నాయుణ్ణి పిలిపించాను. వేరే దారేమైనా ఉందా అని అడిగాను. గవరయ్యకి కొత్త రాత నేర్పడానికి మళ్ళీ రెండేళ్ళు కావాలి, మాకున్నది ఆరు దినాలు. నాయుడు నియమాల పుస్తకం తిరగేశాడు. తిరగేయడం నా కోసమే, అతనికి అందులోది కంఠతా వచ్చు.

"ఒక రాతకి ఒక్కరే అమ్మా. పెద్దోరి పేరున ఉండగా సిన్నదానికి ఇవ్వరు" అన్నాడు. పుస్తకం మూసి, "పెద్దోరు వదులుకుంటే ఇస్తారు. నాను సెప్పినానని ఎక్కడా అనకండి" అన్నాడు.

అతని మీద విరుచుకుపడ్డాను. ఏమన్నానో ఇక్కడ రాయను. పాపం అతనూ అలిసిపోయిన మనిషే, గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయాడు.

పని దినం 127

రాత వదులుకుంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఇంక ఏ కాగితం మీదా ఒక్క అక్షరం రాయకూడదు. ఏ ఆఫీసుకెళ్ళినా నా మాట నేను చెప్పుకోలేను, పక్షవాతం వచ్చిన మా ఊరి సూరన్నలా సాక్షిని వెంటేసుకుని వెళ్ళాలి. రాత నేర్పే ఉద్యోగం ఉండదు. చిన్నపిల్లల గదిలో అంబలి పోసే పని ఇస్తారేమో. గరిట నిండా పొయ్యనని ముందే పేరుంది.

అన్నిటికంటే పెద్ద సంగతి, నేను పోయాక నేను ఉన్నానని చెప్పే కాగితాలు నా పేరున ఉండవు. మా ఆయన కాగితం కోసం ఇల్లంతా వెతికిన మనిషిని నేను.

ఎందుకివ్వాలి? పిల్ల ఒక్క ఏడాది వెళ్ళి వస్తుంది. ఏడాది ఎంతలో గడుస్తుంది. ఈ మాట మూడు రోజులుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ పొయ్యి మీద చల్లారిపోయిన గంజి గుర్తొస్తోంది. ఒక్క గిన్నె గంజి నన్నింత సతాయిస్తుందని అనుకోలేదు.

పని దినం 128

పిల్లలు సౌరపలకలు తుడవడం మర్చిపోయారు. గుర్తు చెయ్యడం నేనూ మర్చిపోయాను.

పని దినం 130

నమోదు. పిల్లలకి తలకి నూనె రాసి పంపారు తల్లులు. పెట్టెని చూడగానే అందరూ తిన్నగా కూర్చుని, నా లాగ గుండ్రంగా మొదలుపెట్టారు. భయం వేస్తే పిల్లలు నేర్పిందే రాస్తారు. ఇలాగైతే మీ ఫిర్యాదులన్నీ చదివి ఒక్కొక్కరి పని పడతానని చెప్పి బయటికి వచ్చేశాను. కిటికీలోంచి చూస్తే అందరూ కోపంగా, గబగబా రాస్తున్నారు. పద్దెనిమిది మందీ గట్టెక్కారు.

వరహాలు ఆఖరున కూర్చుంది. రాసింది. పెట్టె నా పేరు చెప్పింది. పిల్ల ఏడవలేదు. ఎప్పుడెళ్ళాలి అని మాత్రం అడిగింది.

నేను వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. వదులుకుంటున్నట్టు కాగితం ఇమ్మని నాయుణ్ణి అడిగాను. అది కూడా సొంత చేత్తోనే రాయాలట. ఇందుమతి అనే నేను ఇష్టపూర్వకంగా, అని మొదలు. ఇష్టపూర్వకంగా అన్న చోట చెయ్యి ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో పెట్టెకి తెలిసే ఉంటుంది. తర్వాత మిగతాది రాశాను. కలం వరహాలు చేతికిచ్చి మళ్ళీ రాయమన్నాను. ఈసారి పెట్టె, ఈ చెయ్యి ఎవరి పేరునా లేదు, పేరు చెప్పండి అంది.

నాయుడు వరహాలు పేరు చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము అన్నాడు. నేనూ ఏడ్చాను, నేను దుమ్మనలేదు.

పని దినం 131

ఈ పుస్తకం ముగించి ఇవ్వడానికి ఇవాళ తొమ్మిదిన్నర దాకా గడువిచ్చారు. ఇందులో తప్ప ఇంకెక్కడా రాయకూడదు.

ఎనిమిదింటికి గవరయ్య వచ్చాడు. చేతిలో ఒక చిట్టీ. చెవులు పోయిన మనిషి కాబట్టి గొంతు పెద్దది, పిల్లలంతా తలెత్తారు.

"టీచరమ్మా, ఇది నువ్వు రాసినావా, గుంట రాసిందా? నాకు తేడా తెలీటం లేదు" అని అడిగాడు.

వరహాలు వైపు చూపించాను. అతని ముఖం వెలిగింది. చిట్టీని మళ్ళీ మొదట్నించి చదువుకున్నాడు. నేను పాసయ్యాను, ఎక్కడికీ వెళ్ళను అని ఉంది అందులో. ఎక్కడికి వెళ్ళాల్సిందో అతనికి తెలియదు, ఎవరూ చెప్పలేదు. అయినా రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు.

"మరి నువ్వేటీ రాయలేదేటి? పిల్ల పాసైతే నీ సిట్టీ రావాల కదా" అన్నాడు.

పలక నా ముందే ఉంది, సుద్దముక్క దాని మీదే ఉంది. ఏం చెప్పను? అతను వినలేడు, నేను రాయకూడదు, ఇంత సంగతి చెప్పే సైగలు నాకు రావు. చెయ్యి ఒళ్ళోకి తీసేసుకున్నాను. రెండేళ్ళలో అతని ప్రశ్నకి నేను జవాబివ్వకపోవడం ఇదే మొదలు.

వరహాలు లేచి వచ్చి నా ముందున్న పలక తీసుకుంది. నిలబడే రాసి తండ్రికిచ్చింది.

"టీచరమ్మకి చెయ్యి నొప్పి. ఇంకనించి నేను రాస్తాను."

ప్రతి తలకట్టు చివరా కొక్కెం ఉంది. గవరయ్య పెదవులు కదుపుతూ చదివి, నా మణికట్టు వైపు చూసి, అయ్యో అన్నట్టు తలూపాడు. ఆముదం వేడిచేసి రాయమని చెప్పి వెళ్ళాడు.

తొమ్మిదింబావు అయింది. నాయుడు మర్చిపోయిన తన గొడుగు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, తొందరేం లేదమ్మా అంటున్నాడు. మణికట్టు ఇవాళ అస్సలు నొప్పి పెట్టడం లేదు. ఇంకో పేజీ రాయగలను.